కొరడా అల్లడం నేర్చుకున్న రోజులు

తోలు కొరడాను చేతిలోకి తీసుకున్న ఎవరి చూపైనా ముందుగా దాని పైనున్న అల్లిక మీదే పడుతుంది. పిడి దగ్గర లావుగా మొదలై, ఎక్కడా తెగకుండా, ఎక్కడా ఉబ్బకుండా, కొసదాకా సన్నబడుతూ పోయే ఆ గళ్ల వరుసను చూసి, ఇదంతా వేళ్ల నేర్పు అనుకుంటారు. ఆ గళ్లను చూసే నేనూ ఈ పనిలోకి వచ్చాను. నాకు నేర్పిన పెద్దాయన మాత్రం నన్ను చాలాకాలం అల్లిక జోలికి పోనివ్వలేదు. కొరడా పనిలో ఎక్కువ భాగం కత్తి పని అనీ, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఎవరి కంటికీ ఆనని లోపలి పొరల పని అనీ, పైకి కనిపించే అల్లిక ఆఖరున వచ్చే కొద్దిపాటి పని మాత్రమేననీ ఆయన లెక్క. ఆ లెక్క ఎంత సరైనదో ఆ తర్వాత అల్లిన ప్రతి కొరడాలోనూ నాకు కనిపిస్తూనే ఉంది.

ఆయన గుర్రపు జీనులూ కళ్లేలూ కుడుతూ జుట్టు నెరిసిన మనిషి. మాట తక్కువ. తోలు ముక్క ఒకటి నా ముందు పరిచి, "కళ్లతో తర్వాత చూద్దువుగాని నాయనా, ముందు చేత్తో చూడు" అనేవారు. నేను దాన్ని వేళ్ల మధ్య మడుస్తూ, విప్పుతూ, రెండు వైపులకూ లాగుతూ వెన్ను నుంచి పొట్ట దాకా పోవాలి. వెన్నెముక పొడవునా ఉండే భాగం బిగువుగా, దళసరిగా ఉంటుంది. పొట్ట వైపుకూ కాళ్ల మొదళ్ల వైపుకూ వెళ్లేకొద్దీ తోలు వదులై, లాగితే సాగుతుంది. ఒకే చర్మంలో ఉండే ఈ తేడాను ఇతర తోలు పనుల్లో ఎలాగోలా సర్దుకోవచ్చు గానీ కొరడాలో సర్దుకోవడానికి వీల్లేదు. సాగే పాయ ఒక్కటి కలిసినా చాలు, కొన్నాళ్ల వాడకంలో అది వదులై, దాని పక్కనున్న పాయలన్నీ చోటు తప్పి, అల్లిక మొత్తం ఒక పక్కకు మెలి తిరిగిపోతుంది. అందుకే ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కళ్లు మూసుకొని చెప్పగలిగేదాకా ఆయన నా చేతికి కత్తి ఇవ్వలేదు.

మొదట మేక తోలూ ఆవు తోలూ తప్ప మరొకటి ముట్టుకోనివ్వలేదు. కొరడాలు అల్లేవాళ్లు అన్నింటికన్నా మిన్నగా ఎంచేది కంగారూ తోలు. దానికి కారణం ఉంది. ఆవు తోలులో పీచు ఒకదానితో ఒకటి అడ్డదిడ్డంగా పెనవేసుకొని ఉంటుంది. కంగారూ తోలులో అది చాలావరకు తోలు ఉపరితలానికి సమాంతరంగా పరుచుకొని ఉంటుంది. కాబట్టి ఆవు తోలును పలచగా చెక్కితే బలం త్వరగా పోతుంది, కంగారూ తోలు పలచబడినా తెగకుండా తట్టుకుంటుంది. ఆయన దాచుకున్న కంగారూ తోలును తీసి, అందులోంచి అగ్గిపుల్ల వెడల్పున కోసిన ఒక పట్టీని నా రెండు చేతులకూ చుట్టి, "లాగు" అన్న సందర్భం నాకు బాగా గుర్తు. నా బలమంతా పెట్టి లాగాను. పట్టీ అరచేతుల్లోకి దిగి ఎర్రటి గాట్లు పడ్డాయి గానీ తెగలేదు. తోలంటే నాకున్న అంచనా అంతా ఆ ఒక్క క్షణంలో మారిపోయింది.

ఇక కత్తి పని. కొరడాకు కావలసిన పాయలు చిన్నవి కావు. అల్లికలో పాయలు ఏటవాలుగా చుట్టుకుంటూ పోతాయి కాబట్టి, పూర్తయిన కొరడా పొడవుకు సుమారు ఒకటిన్నర రెట్ల పొడవున పాయలు కోసుకోవాలి. ఆరడుగుల కొరడాకు దాదాపు తొమ్మిది అడుగుల పాయలన్నమాట. అంత పొడవు తోలు తిన్నగా దొరకదు. అందుకని చర్మం అంచులను గుండ్రంగా సరిచేసుకొని, బయటి నుంచి లోపలికి చుట్లు చుట్లుగా, ఎక్కడా కత్తి ఎత్తకుండా ఒకటే పట్టీగా కోసుకుంటూ రావాలి. ఇందుకు పరికరాలు ఉన్నాయి, నేనిప్పుడు వాడతాను కూడా. ఆయన మాత్రం ఒక్క కత్తితోనే కోసేవారు. ఎడమచేతి బొటనవేలు తోలు అంచుకు ఆనించి, దాని గోటికి కత్తి మొన తగిలేట్టు పెట్టి, చెయ్యి కదలకుండా తోలునే తన వైపు లాగేవారు. గోటికీ అంచుకూ మధ్య ఎంత ఎడం ఉంటే పట్టీ వెడల్పు అంతే వస్తుంది. కత్తి కదలదు, తోలు కదులుతుంది. మొదట్లో ఈ మాట చెవికి ఎక్కినా చేతికి ఎక్కడానికి చాలా తోలే ఖర్చవుతుంది, ఎవరికైనా సరే.

కోసిన పాయ అప్పుడే పాయ కాదు. దాన్ని కొక్కేనికి తగిలించి, మూరలు మూరలుగా గట్టిగా సాగదీయాలి. తోలులో ఉన్న సాగుడంతా అక్కడే పోవాలి, ఆ తర్వాత కొరడాలో సాగకూడదు. అలా లాగినప్పుడు బలహీనంగా ఉన్న చోట్లు సన్నబడి బయటపడతాయి. తెగేది ఉంటే తెగిపోతుంది, అదీ మంచిదే. సాగదీసిన పాయను మళ్లీ కత్తికిచ్చి, పిడి దగ్గర సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు నుంచి కొస దగ్గర 3 మిల్లీమీటర్ల వెడల్పుకు ఎక్కడా మెట్టు పడకుండా సన్నబడేట్టు సరిచేయాలి. ఆపైన దాన్ని తిరగేసి, మాంసం అంటుకొని ఉండిన గరుకు వైపున రెండు అంచులనూ ఏటవాలుగా చెక్కాలి. ఈ అంచులు చెక్కే పని చేయకపోయినా కొరడా అల్లవచ్చు. కానీ పాయ మీద పాయ పడ్డచోట మెట్టు లేచి, చేతికి గరగరలాడుతుంది. చెక్కి అల్లిన కొరడా మీద కళ్లు మూసుకొని వేలు నడిపితే గళ్ల హద్దులు తెలియవు. ఆయన చెక్కుతుంటే తోలు పొట్టు దారంలాగా తెగకుండా వచ్చి ఒళ్లో కుప్పపడేది. ఆ పొట్టు తెగిందంటే కత్తికి పదును తగ్గిందని అర్థం. వెంటనే ఆగి, తోలు ముక్క మీద నాలుగుసార్లు కత్తిని అటూ ఇటూ నూరి మళ్లీ మొదలుపెట్టేవారు. అన్నిటికన్నా ఎక్కువ కాలం ఆ చెక్కుడు దగ్గరే నన్ను కూర్చోబెట్టారు, దానికి నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

అల్లే ముందు పాయలకు రాయడానికి ఒక లేపనం తయారుచేసేవాళ్లం. సబ్బును తురిమి వేడి నీళ్లలో కరిగించి, అందులో జంతువుల కొవ్వు కలిపి, చల్లారేదాకా గిలకొడితే తెల్లటి వెన్న ముద్ద వస్తుంది. దాన్ని పాయల పొడవునా పట్టిస్తే, పాయలు ఒకదాని మీద ఒకటి జారుతూ బిగుసుకుంటాయి. అది ఆరిపోయాక జారుడు పోయి, అల్లిక బిగిసినచోటే నిలుస్తుంది, కొవ్వు మాత్రం తోలులోకి ఇంకి దాన్ని మెత్తగా ఉంచుతుంది. లేపనం రాసిన తోలుకు ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుంది. పని ముగించి ఎన్నిసార్లు కడిగినా చేతులను వదలదు. నాకు ఆ వాసన ఇప్పటికీ ఇష్టం.

అప్పుడు వచ్చింది అల్లిక. మూడు పాయల జడ వేయడం తెలిసినవాళ్లకు నాలుగు పాయల అల్లిక పెద్ద కష్టం కాదు. తేడా ఏమిటంటే జడ బల్లపరుపుగా వస్తుంది, ఇది గుండ్రంగా రావాలి. రెండు పాయలు ఎడమచేతిలో, రెండు కుడిచేతిలో. ఎడమ వైపు అన్నిటికన్నా బయట ఉన్న పాయను వెనకనుంచి కుడి వైపుకు తీసుకువెళ్లి, అక్కడి రెండు పాయల మధ్యలోంచి ముందుకు తెచ్చి, తిరిగి దాని ఎడమ వైపుకే చేర్చాలి. తర్వాత కుడి వైపు నుంచి అదే విధంగా. ఎనిమిది పాయలైతే వెనకనుంచి వచ్చిన పాయ ఎదుటి వైపు రెంటి కిందుగా, రెంటి మీదుగా దాటి తన వైపుకు వస్తుంది. పన్నెండుకూ పదహారుకూ వెళ్లేసరికి ఎన్ని కిందుగా ఎన్ని మీదుగా అన్నదాన్ని బట్టి రకరకాల నమూనాలు పుడతాయి. సూత్రం మాత్రం అదే: వెనకనుంచి వెళ్లాలి, మధ్యలోంచి రావాలి, సొంత వైపుకు చేరాలి.

సూత్రం వేళ్లకు త్వరగానే పట్టుబడుతుంది. పట్టుబడనిది లాగుడు. ప్రతి పాయనూ ఒకే బిగువుతో, ఒకే కోణంలో లాగాలి. సాధారణంగా కుడిచెయ్యి ఎడమచెయ్యి కన్నా ఎక్కువ లాగుతుంది. అప్పుడు కొరడా మీద రెండు వైపుల పాయలూ కలిసేచోట పడే వెన్నుగీత తిన్నగా దిగకుండా నెమ్మదిగా పక్కకు తిరుగుతుంది. ఆయన అల్లుతున్నప్పుడు నేను చేతులనే చూసేవాణ్ని, తర్వాత తెలిసింది చూడవలసింది భుజాలనని. ఆయన వేళ్లతో లాగేవారు కాదు, పాయను చిటికెనవేలి కింది అరచేతి అంచుకు చుట్టుకొని, ఒంటిని కాస్త వెనక్కి వాల్చి బరువుతో లాగేవారు. ఒంటి బరువు రెండు చేతులకూ సమానమే కదా. ఆ అరచేతి అంచున తోలు కోసుకుపోకుండా గుడ్డపేలిక చుట్టుకొనేవారు. ఏళ్ల తరబడి అలా చుట్టిన చోట చర్మం గట్టిపడి కాయ కాసింది. కొంతకాలానికి నా చేతికీ వచ్చింది.

ఇంతకూ అల్లుతున్నది దేని మీద? ఇదే ఆయనకు ప్రాణమైన విషయం. కొరడా నడిమధ్యన కొసకు సన్నబడేట్టు కోసిన తోలు పట్టీ ఒకటి ఉంటుంది. దాని మీద నాలుగు పాయల అల్లిక. ఆ అల్లిక మీద పలచటి తోలును కుట్టు కనపడనంత బిగువుగా చుట్టాలి. దాని మీద, పెద్ద కొరడా అయితే, మరో అల్లిక, మరో తోలు చుట్టు. వీటన్నిటి మీదా లోకానికి కనిపించే ఆఖరి అల్లిక. ఒక్కొక్క పొర పూర్తికాగానే కొరడాను చెక్క బల్ల మీద పెట్టి, మరో చెక్కతో అదిమి దొర్లిస్తే ఎగుడుదిగుళ్లు అణిగిపోయి గుండ్రంగా తేరుతుంది. లోపలి పొరలు ఒక్కొక్కటి ఒక్కోచోట ఆగిపోతాయి, పైపొరలో కూడా కొసకు పోయేకొద్దీ పాయల సంఖ్య తగ్గుతుంది. పన్నెండు పాయలు పదై, ఎనిమిదై, ఆరవుతాయి. తగ్గించిన పాయను కోసేయరు, అల్లికలోపలికి మళ్లించి మధ్యలో పడుకోబెడతారు. అది ఎక్కడ లోపలికి పోయిందో బయటినుంచి చూసినవారికి తెలియకూడదు. ఆయన అల్లిన కొరడాల్లో నేను ఎంత వెతికినా ఆ చోట్లు దొరికేవి కావు. ఆయనే వేలు పెట్టి చూపించేవారు.

కనిపించని పొరల కోసం ఇంత శ్రమ ఎందుకో ఆయన మాటల్లో వివరించలేదు. రెండు కొరడాలు తెచ్చి చేతిలో పెట్టారు. ఒకటి లోపల సాదా తాడు మీద అందంగా అల్లింది, రెండోది లోపలి పొరలన్నీ సక్రమంగా వేసింది. పక్కపక్కన పెడితే కంటికి తేడా కనిపించలేదు. విసిరితే మొదటిది మధ్యలోనే నడుము విరిగినట్టు వాలిపోయింది. రెండోది పిడి దగ్గర పుట్టిన వంపును ఎక్కడా ఆపకుండా కొసదాకా మోసుకుపోయి ఛెళ్లుమంది.

ఆ శబ్దానికి కారణం నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. కొరడా విసిరినప్పుడు అందులో ఒక వంపు పుట్టి కొసవైపు ప్రయాణిస్తుంది. కొరడా సన్నబడేకొద్దీ కదలాల్సిన బరువు తగ్గుతుంది, చేయి ఇచ్చిన శక్తి ఆ తక్కువ బరువులోనే ఇమడాలి కాబట్టి వేగం పెరుగుతుంది. చివరకు అది గాలిలో ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను మించిపోతుంది. మనం వినే ఛెళ్లు, అంతటి వేగానికి గాలి ఒక్కసారిగా అదిమినట్టయి పుట్టే ఆఘాత తరంగమే. 1958లో బెర్న్‌స్టీన్, హాల్, ట్రెంట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కొరడా కదలికను గణితంతో విశ్లేషించారు. 2002లో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన అలైన్ గోరియెలీ, టైలర్ మెక్‌మిలన్ ఆ విషయాన్ని మళ్లీ పరిశీలించి, కొస ధ్వనికి రెట్టింపు వేగాన్ని కూడా అందుకోగలదనీ, కానీ శబ్దాన్ని పుట్టించేది కొస కాదు, కొరడా వెంట పరుగెత్తే ఆ వంపేననీ చూపించారు. అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వంపు సాఫీగా సాగాలంటే కొరడా బరువు ఎక్కడా ఒక్కసారిగా పడిపోకూడదు, ఎక్కడా ఒక్కసారిగా పెరగకూడదు. పలచగా చెక్కిన తోలు చుట్టు అంచు దగ్గర కూడా మెట్టు ఉండకూడదని ఆయన పట్టుబట్టింది ఇందుకే. సమీకరణాలు ఏవీ చూడకుండా, వేలికి తగిలే స్పర్శతోనే, తరతరాల పనివాళ్లు ఆ విషయాన్ని పట్టుకున్నారు.

ఈ వస్తువు చరిత్రలో క్రూరత్వం ఉంది, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. అమెరికా ఖండాల్లో బానిసల వీపుల మీద పడ్డది కూడా అల్లిన తోలు కొరడాయే. ఆయన ఆ సంగతి తెలిసిన మనిషి. కొరడా శబ్దం కోసమే తప్ప దెబ్బ కోసం కాదని మొదటిరోజే చెప్పారు, పశువు ఒంటికి కొస తగిలించేవాడికి తన కొరడా ఇచ్చేవారు కాదు. పశువుల మందలను తోలే నిపుణులు నిజంగానే కొరడాను పశువు పక్కన గాలిలో మోగిస్తారు, ఆ చప్పుడుకే మంద మళ్లుతుంది. ఆస్ట్రేలియాలో వాడే మందల కొరడాకు పిడి పొడవుగా, విడిగా ఉండి, తోలు ఉంగరాలతో కొరడాకు తగిలించి ఉంటుంది; అందువల్ల గుర్రం మీద కూర్చొని విసరడం సులువు. బుల్‌విప్ అనే రెండో రకంలో పొట్టి పిడి కొరడాలో అంతర్భాగంగా, పాయలు పిడి మీదనుంచే మొదలయ్యేట్టు ఉంటుంది. 2000 సెప్టెంబరు 15న సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఒంటరి రౌతు ఒకరు గుర్రం మీద మైదానంలోకి వచ్చి మందల కొరడాను మోగించడంతోనే వేడుక మొదలైంది. టీవీలో ఆ చప్పుడు విన్నప్పుడు నా చూపు గుర్రం మీద లేదు, ఆ మనిషి మణికట్టు మీద ఉంది.

అల్లిక పూర్తయ్యాక మిగిలేవి మూడు పనులు. కొస పాయలతో ముడివేసి ఒంటి తోలు పట్టీని బిగించాలి. నేలకు రాసుకొని ముందుగా అరిగేది అదే కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ మార్చుకునేట్టు కడతారు. ఆ పట్టీ చివర జానెడు దారపు కుచ్చు. నైలాను పోగులను పురిపెట్టి, మధ్యకు మడిచి, వాటంతట అవే పెనవేసుకోనిచ్చి ముడివేస్తే సరి. అతివేగంగా కదిలే భాగం ఇదే, అందుకే చీకిపోతూ ఉంటుంది. ఓపికగా వాడేవాడి జేబులో ఎప్పుడూ నాలుగైదు కుచ్చులు ఉంటాయి. పిడి చివరన వేసే బుడిపె ముడి మాత్రం చాలా తీరిక అడిగే పని. ఒకే సన్నపాయను బుడిపె చుట్టూ తిప్పుతూ, ఆరె అనే మొనదేలిన పరికరంతో సందు చేసుకుంటూ, కిందుగా మీదుగా దూర్చి, మొదలూ చివరా కనపడకుండా దాచేయాలి. తర్వాత దాన్ని ఒక్కొక్క లంకెగా బిగించుకుంటూ రావాలి, ఒక్కచోటే బిగిస్తే ముడి ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆయన ఈ పనిని సాయంత్రాలకు ఉంచుకొనేవారు, ఆ సమయంలో మాత్రం కాస్త మాట్లాడేవారు కూడా. జీనులు, గుర్రాలు, తాను చిన్నప్పుడు విన్న పనివాళ్ల పాటలు. ఆ మాటల మధ్యే ముడి ముగిసేది.

ఆయన ఎప్పుడూ పన్నెండు పాయల కొరడానే పనితనానికి కొలమానంగా తలచేవారు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా కుదరలేదు. నాకు ఎనిమిది పాయల కొరడా ఇష్టం. పాయలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి అరుగుదలకు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎక్కడైనా పాయ తెగితే ఆ కాస్త మేర విప్పి, కొత్త పాయ కలిపి తిరిగి అల్లుకోవచ్చు. రోజూ చేతిలో ఆడే వస్తువుకు ఆ వెసులుబాటు ముఖ్యమని నా అభిప్రాయం. "పన్నెండు అల్లగలిగినవాడు ఎనిమిది అల్లితే అందం, ఎనిమిదే వచ్చినవాడు ఎనిమిది అల్లితే సోమరితనం" అని వాదించేవారు ఆయన. ఆ వాదన తీర్చడానికని ఒక పన్నెండు పాయల కొరడా, లోపల రెండు అల్లికలు రెండు తోలు చుట్లతో, మొత్తం నా చేత్తోనే కోసి, చెక్కి, అల్లి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన దాన్ని విసరలేదు. పిడి నుంచి కొసదాకా బొటనవేలు నడిపించి, పాయలు తగ్గించిన చోట్ల కోసం వెతికారు. రెండు దొరికాయి. మూడోది నేనే చూపించాను. "సరే, ఇక నీ ఎనిమిది నువ్వు అల్లుకో" అన్నారు.